తాడు పట్టేవాడు

కొండతేనెకు దిగేటప్పుడు
పైన తాడు పట్టేది బామ్మర్దే అయ్యుండాల.
అన్న పట్టకూడదు, తమ్ముడు పట్టకూడదు.
పాలోళ్ళకు చెయ్యి జారొచ్చు.
బామ్మర్దికైతే
ఆ తాడు కొసన వేలాడేది
అక్క మెడలో పసుపుతాడు.
ఇది మా అబ్బ చెప్పిన లెక్క.

ఇప్పుడు కొండ ఫారెస్టోళ్ళది.
ఎర్రచందనానికి కావిలి,
మా కాళ్ళకు కంచె.
అందుకని రేణిగుంట రోడ్డులో
పద్నాలుగంతస్తుల అద్దాల ఆస్పత్రికి దిగినాము,
చెంగయ్య బావ తాడు మీద,
నేను టెర్రస్ మీద.

ఒకసారి గుంజితే వదులు.
రెండుసార్లంటే ఆపు.
మూడంటే ఉన్నపళంగా లాగు.
తేనె కాడా ఇదే, సబ్బునీళ్ళ కాడా ఇదే.

ఆడ వేలాడతా ఉంటే ఎట్లుంటాది బావా అంటే
నవ్వేవాడు.
"కొండేమో నా వీపు వెనకాల ఉంటాది,
అద్దంలో ముందరికొస్తాది.
దినామూ ఏడుకొండలూ గుడ్డపెట్టి తుడస్తా,
ఎనిమిదినూర్లు ఇస్తారు.
నిన్న లోపల మంచం మీద ముసలామె
నన్ను చూసి దండం పెట్టిందిరా.
స్పాంజి పట్టుకున్నోడికి ఎవరన్నా మొక్కుతారా?"

పోయిన కార్తీకం ముసురులో
గాలి ఆయన్ను ఎత్తుకొనిపోయి
తొమ్మిదో అంతస్తు గట్టుకేసి కొట్టింది.
మూడుసార్లు గుంజినాడు.
లాగినా.
నా అరిచేతుల తోలు తాడుకే అంటుకోనిపోయింది.
బావ భుజం మళ్ళీ మునపటి మాదిరి లేవలా.
అక్క మూడు దినాలు నాతో మాట్లాడలా,
నాలుగోనాడు వచ్చి
నా చేతులకు ఆముదం పూసింది.

ఎండాకాలానికి మిషనొచ్చింది.
పెట్టెలో నుంచి తీస్తే కుక్కపిల్లంత ఉంది.
నాలుగు రబ్బరు నోళ్ళతో అద్దాన్ని కరుచుకోని
మెల్లిగా పాకతాది, బల్లి మాదిరి.
దాంతోపాటు మద్రాసు నుంచి వచ్చిన పిల్లోడు
దానికి ఆకలి లేదు, భయం లేదు,
ఇన్సూరెన్స్ కూడా అక్కర్లేదు అన్నాడు.
అక్క అడిగింది:
"పెండ్లామన్నా ఉందా?"
లేదన్నాడు.
"అయితే అదే దిగనీలేబ్బా."
ఆ రాత్రి అక్క సియ్యల కూర చేసింది.
బావ చెయ్యి కడుక్కోని కూర్చున్నాడు గానీ
తినలా.

మిషనుకూ ఒక తాడుండాది,
ఉక్కుది, సన్నంది,
పట్టు తప్పితే కింద జనం మీద పడకుండా.
దాన్ని పట్టేదానికి మనిషి కావాలంట.
నాలుగునూర్లు. ఒక్క మనిషే.
సూపర్వైజరు నా దిక్కు చూసినాడు.
నేను బావ దిక్కు.
బావ తన భుజం దిక్కు.

ఇప్పుడు నేను
ఎవరికీ బామ్మర్దిని కాకుండా
తాడు పడతాండా.

నిన్న పన్నెండో అంతస్తులో, కిటికీ చూరు కింద
చేటంత పెరతేనె పట్టు.
మిషను దాని ముందరికి పోయి నిలబడింది.
ఎర్రలైటు కొట్టుకుంటాండాది.
పిల్లోడు ఫోన్లో ఏమేమో నొక్కినాడు.
అడ్డముందని మటుకు చెప్తాదంట,
ఏం అడ్డమో చెప్పలేదంట.
కింద టీబంకు కాడ బావ
మంచి చేత్తో కండ్లకు నీడ పెట్టుకోని చూస్తాండాడు.
బంకాయన ఫోన్లో నుంచి నాకు చేయించినాడు.
"కదపమాకండి.
అమాస దాటినాక, సగమే.
తక్కింది వాటికి ఇడిసిపెట్టాల."
ఎవరు దిగతారు బావా అని
నేనడగలా.
ఆయనా చెప్పలా.

అప్పుడు చేతిలో తాడు అదిరింది.
ఒకటి.
రెండు.
కాసేపాగి, మూడు.
గాలే. నాకు తెలుసు.
పిల్లోడు ఏంలేదన్నా ఏంలేదన్నా అంటానే ఉండాడు.
లాగినా.

పైకొచ్చినాక చూస్తే
దాని వీపు మీద ఒక తేనెటీగ,
రెక్కలు సబ్బునీళ్ళకు తడిసి
ఎగరలేక నడస్తాండాది.
వేలి మీదికి ఎక్కించుకోని
పిట్టగోడ మీద ఎండలో పెట్టినా.
కిందికి తొంగి చూస్తే
బావ ఇంకా
చెయ్యి దించలా.